కొత్త గడప

పాలకోడు నుంచి తుంబలహళ్లి పోయే దోవలో, రోడ్డు దిగినాక చెరుకుతోట పక్కన ఒక పాడుబావి ఉంది. పొద్దుగూకినాక అక్కడ ఎవరూ నిలబడరు. టమాటాలు దించి వచ్చే ట్రాక్టర్లు కూడా హారన్ కొట్టుకుంటా పరుగెత్తాల్సిందే. పగలంతా మీసాలు మెలేసే మగరాయుళ్లు ఆ మలుపు రాంగానే "మునియప్పా... మునియప్పా..." అని కావలి దేవుణ్ణి తలుచుకుంటా గొణుక్కుంటారు.

ఎందుకంటే — తడి బట్టలతో ఒకడు బావిలోంచి లేచి వచ్చి, "అగ్గిపెట్టె ఉందా?" అని అడుగుతాడంట. చూసినోడు ఎవడూ లేడు. చూసినోడి బావమరిదిని చూసినోళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు!

ఆ బావికి ఎదురుగా ఉన్న ఒంటి ఇల్లు ధనానిది. బావిలో పడి చచ్చినోడు ఆమె మొగుడు మునిరాజే. ఇప్పుడు చెప్పబోయేది ధనం తన పక్కచేను రంగమ్మాళ్‌తో చెప్పుకున్న సంగతి. రంగమ్మాళ్ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మనదాకా వచ్చింది.

మునిరాజ్ బతికినన్నాళ్లూ సారాయి తాగి నడిరాత్రి ఇల్లు చేరేవాడు. పిలిచేది లేదు. తలుపు కింద కాలితో రెండు తన్నులు — దభ్... దభ్! ధనం సగం నిద్రలోనే లేచి, గడియ తీసి, తల ఎత్తకుండా పక్కకు జరిగేది. మొఖం చూస్తే కొడతాడు. కంచంలో రాగిముద్ద పెట్టి, పులుసు పోసి, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. ముద్ద నోట్లో పెట్టుకోంగానే వెనకనించి ఒకటే మాట.

"ఉప్పు చాల్లేదే..."

అందుకని ఉప్పు కుండను పడక పక్కనే, చెయ్యి చాపితే అందేటట్టు పెట్టుకుంది. పెళ్లైన కొత్తలో ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడుపు పోయింది. తరవాత భయమూ పోయింది. మనసు బండబారిపోయింది.

ఒక తెల్లారి మునిరాజ్ శవం బావిలో తేలింది. "ఏడవ్వే ధనం... ఏడిస్తే బరువు దిగతాది" అని ఆడోళ్లు పట్టుకుని కుదిపినారు. రాలేదు. శవం గడప దాటంగానే, ఆ పక్క తెలుగోళ్ల వాడుక ప్రకారం, ఒక పెద్దాయన గడపకు ఇనుప మేకు కొట్టినాడు. పోయినోడు దోవ పట్టుకుని మళ్లీ ఇంట్లోకి రాకూడదని. ఆ రోజంతటిలో ధనానికి గుర్తున్నది ఆ సుత్తి చప్పుడు ఒక్కటే.

ఏడాది గడిచింది. ఎనభై అయిదు ఎండాకాలం. చుట్టుపక్కలంతా దొంగల భయం పట్టుకుంది. కంబైనల్లూరు పక్క ఒక ముసలమ్మను పడుకున్నది పడుకున్నట్టే నోరు మూసి, చెవులు తెగేటట్టు కమ్మలు పీక్కుపోయినారంట. అది విని ధనం అన్న వేడియప్పన్ ఉరుకుల మీద వచ్చినాడు.

"ఒంటి ఇల్లు. ముందర పాడుబావి. మా ఇంటికి వచ్చెయ్యి ధనం."

"రాను అన్నా."

"కుక్కనైనా పెంచుకో మరి."

"దానికీ ముద్ద పెట్టాలి కదన్నా. నడిరాత్రి లేచి పెట్టడం ఇంక నావల్ల కాదు."

వేడియప్పన్ లేచి పోయి తలుపును ఊపి చూసినాడు. చెదపొడి రాలింది.

"తలుపు మార్పించన్నా" అంది ధనం. "నా ఇష్టం లేకుండా ఈ ఇంట్లోకి ఇంకెవరూ రాకూడదు. అదొక్కటే నాకు కావాల."

ఆ మాట అంటా, తలుపు కింద తన్నులకు పగిలిన చెక్కను చూపించిందంట.

వడ్రంగం చేసే ఆశారి ఆంజనేయన్ ఉలి, సుత్తి పట్టుకుని వచ్చినాడు. పాత తలుపు, చెదలు తిన్న దారబందం, గడప — అన్నీ పెకిలించి పారేసి, వేపమానుతో కొత్తవి నిలబెట్టినాడు. మోచెయ్యంత ఇనుప గడియ బిగించినాడు.

"అక్కా, ఏనుగు తోసినా కదలదు. నిమ్మతిగా, బెంగ లేకుండా పడుకో" అని, గడపకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పోయినాడు.

పాత గడప పొయ్యిలోకి పనికొచ్చింది. మర్నాడు నీళ్లు కాచుకుని బూడిద ఎత్తుతుంటే, నల్లగా కాలిన మేకు ఒకటి ధనం చేతికి తగిలింది. తీసి పెంటదిబ్బలోకి విసిరేసింది. ఏమీ అనిపించలేదు. ఆమెకు ఏదైనా అనిపించి ఎంత కాలమైందో!

ఆశారికీ తోచలేదు, అన్నకూ తోచలేదు. దొంగోడి కోసమని అందరూ గడియ చూసుకున్నారే గాని, గడప సంగతి ఎవరూ చూసుకోలేదు.

ఆ రాత్రి ధనం గడియ వేసి, లాగి చూసుకుంది. తలగడ పక్కన కొడవలి పెట్టుకుంది. దాని అవతల ఉప్పు కుండ ఎప్పటి జాగాలోనే ఉంది. పడుకోంగానే నిద్ర ముంచుకొచ్చింది. పెళ్లైనాక అంత నిద్ర ఆమె ఎరగదు.

ఎప్పుడో...

దభ్... దభ్.

తలుపు కింద.

ధనం లేచింది. కళ్లు సరిగ్గా తెరవను కూడా లేదు. గడియ ఎందుకో బిగువుగా ఉంది... రెండు చేతులా పట్టి లాగితే గాని రాలేదు. తలుపు తీసి, తల వంచుకుని పక్కకు జరిగింది.

రెండు కాళ్లు గడప దాటి లోపలికి వచ్చినాయి. తడి కాళ్లు. వాన పడినట్టుంది, అనుకుంది.

కంచంలో ముద్ద పెట్టింది. పులుసు పోసింది. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

కళ్లు మూసుకుంది.

ఏదో వాసన... పచ్చి వేపచెక్క వాసన. కొత్త తలుపు వాసన.

అప్పుడు — అప్పుడు గుర్తొచ్చింది, తలుపు ఎందుకు మార్పించిందో. ఈ ఎండాకాలం ఒక్క చినుకు కూడా పడలేదని గుర్తొచ్చింది. తడి కాళ్లతో రావాలంటే, ఎదురుగా ఉన్న బావిలోంచి తప్ప ఇంకెక్కడినించీ రాలేరు.

ఏనుగు తోసినా కదలని గడియను తన చేత్తో తనే తీసింది.

వెనకనించి ముద్ద తుంచే చప్పుడు... పులుసు జుర్రే చప్పుడు... నిదానంగా, తొందరేమీ లేకుండా. కంచం నేల మీద గరగరమని ఆమె వీపుదాకా జరిగింది.

"ఉప్పు చాల్లేదే..."

ధనం అరవాలనుకుంది.

చెయ్యి మాత్రం తనంతట తానే లేచింది. కొడవలి మీదుగా పోయి, ఉప్పు కుండ అందుకుంది.