పొడి అక్షరాలు

సావిత్రి భర్త ధనుంజయరావు చెక్కిన కలంకారీ అద్దకపు అచ్చులు కాలిపోయిన రోజు పెడనలో ఎప్పటిలాగే తెల్లారింది. అద్దకం షెడ్డులో కూలికొచ్చే సుబ్బాయమ్మ పొయ్యి వెలిగించి, పక్కనున్న బస్తాలోని చెక్కలు ఎగదోసింది. సావిత్రి కాఫీ తాగి వచ్చేసరికి నెమలి అచ్చులో మెడ ముక్క ఒక్కటే బూడిదలో మిగిలింది. భర్త పోయి ఏడాది తిరగకముందే ఆయన చేతిపని కూడా పోయింది.

బస్తాకు చీటీ కట్టి ఉంది. "హెచ్.ఎఫ్.ఓ." విజయవాడలో ఎంబీఏ చదివొచ్చిన మరిది రాజీవ్ రాసింది.

"హోల్డ్ ఫర్ ఆర్డర్, వదినా. పెద్ద ఆర్డరు వచ్చేదాకా కదపొద్దని. కంపెనీల్లో అందరూ ఇలాగే రాస్తారండీ."

"పొయ్యి దగ్గర పెట్టి, సుబ్బాయమ్మకి చెప్పారా?"

"అడగొచ్చు కదా."

"మొన్నొక చీటీ గురించి అడిగితే, చదువుకుని ఉంటే తెలిసేదన్నారు కదయ్యా," అంది సుబ్బాయమ్మ. "అందరూ నవ్వారు. ఇక అడగలేదు."

సావిత్రి ఏడవలేదు. రంగుల పాళ్లు ఆ ఇంట్లో ఇప్పుడు ఆమెకొక్కదానికే తెలుసు. మర్నాడు బందరు నుంచి ఎగుమతి కంపెనీవాళ్లు సరుకు చూడ్డానికి వస్తారనగా, రంగు కుండల మీది పేర్లన్నీ తుడిచేసి, తనకు తోచిన పొడి అక్షరాలు రాసి, పీట వేసుకు కూర్చుంది.

"వదినా, ఈ 'ప.చిం.' ఏంటండీ?"

"మీలాగే పొదుపుగా రాశాను మరిదిగారూ."

"నాకెలా తెలుస్తుంది?"

"చదువుకున్నారుగా."

ఎవరూ నవ్వలేదు. రాజీవ్ ఊహ మీద ఒక కుండలో గుడ్డ ముంచాడు. ఎరుపు రావాల్సింది బురదలా తేలింది. సావిత్రికి కసి కొంచెం తీరినట్టనిపించింది.

"ఇంకో కుండ చూడండి," అంది.

రెండో గుడ్డా పాడైంది.

"అమ్మా, ఇక చాలు," అంది సుబ్బాయమ్మ మెల్లగా. "కంపెనీవాళ్లు వెనక్కి పోతే బాబుగారికి విజయవాడలో ఉద్యోగం దొరుకుద్ది. పస్తులుండేది మేం."

సావిత్రి తల దించుకుంది. తను ఎవరి పొట్ట కొడుతోందో అప్పుడు కనిపించింది.

రాజీవ్ సుబ్బాయమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు అలా అని నవ్వించడం నా తప్పే. రాసినవాణ్ణి నేను, చెప్పాల్సింది నేనే."

సావిత్రి లేచి, 'ప.చిం.' అంటే పటిక, చింతగింజల గంజి అని మొదలుపెట్టి, ఒక్కో కుండ దగ్గరా ఆగి, ఏది ఎందులో ఎంత కలపాలో అందరికీ వినబడేలా పూర్తి మాటల్లో చెప్పింది. సాయంత్రానికి సరుకు సరైన రంగుల్లో సిద్ధమైంది. రాజీవ్ చీటీలన్నీ విప్పి తెలుగులో తిరగరాసి, సుబ్బాయమ్మకు చదివి వినిపించాడు. తర్వాత వదిన ముందు అన్నం కంచం పెట్టాడు.

ఆమె తిన్నది. అతన్ని మాత్రం ఇంకా క్షమించలేదు.