అలుపు తీసే కొలను

నీళ్లలో మెడదాకా మునిగి, "అమ్మయ్య" అనుకుంటూ కళ్లు మూసుకుందో లేదో, తన్మయి ముంజేతికి పార్కువాళ్లు కట్టిన పట్టీ కుయ్యిమంది. కళ్లు తెరిచి చూసుకుంది. పొద్దున ఎర్రగా ఉన్న దీపం ఇప్పుడు పచ్చగా వెలుగుతోంది. దాని కింద రెండే రెండు మాటలున్నాయి. అలసట సున్నా.

గట్టు మీద పెట్టుకున్న టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"అరె, అప్పుడే అయిపోయిందా!" అంటూ ఆమె భర్త ప్రణీత్ ఒక్క ఉదుటున గట్టెక్కాడు. "నాదీ పచ్చే! ఒళ్లంతా దూదిలా ఉందే! పద పద, ఈ పూటే సుడిగుండం రైడ్ ఎక్కేద్దాం, మధ్యాహ్నం చంద్రమండలం. రోజంతా పోయినట్టే అనుకున్నాను గానీ, ఎంత కలిసొచ్చిందో చూశావా!"

కలిసొచ్చిందట! తన్మయికి ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు ఆమెది. అలా అని ముందే ఒప్పందం జరిగింది. విజయనగరంలో ఒక ఆసుపత్రి డయాలసిస్ వార్డులో పగలంతా నిలబడే ఉద్యోగం ఆమెది. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర నిలబడే ఉద్యోగం ఇంకొకటి. కళింగపట్నం అవతల, సముద్రం మీద స్తంభాలు పాతి కట్టిన 'అబ్బురనగరి' థీమ్ పార్కుకి వెళ్దామని ఇంటిల్లిపాదీ ఎగిరినప్పుడు ఆమె ఒకటే షరతు పెట్టింది. "వస్తాను. కానీ మధ్యలో ఒక రోజు నేను కొలను పక్కన కూర్చుంటాను. ఏదీ ఎక్కను, దిగను, ఎవరికీ ఏదీ అందించను. సరేనా?" సరేనన్నారు. వచ్చినప్పట్నుంచీ రైడ్లూ, క్యూలూ, ఎండా. మోకాళ్లు వాచినా నోరెత్తలేదు. ఈ రోజు వస్తుందిగా అని ఓర్చుకుంది.

తీరా ఆ రోజు వచ్చేసరికి పార్కువాళ్లు ఈ కొత్త కొలను ప్రారంభించారు. ఆమె అదృష్టం అలా ఉంది మరి.

దాన్ని కనిపెట్టిన సైంటిస్టు డాక్టర్ సునంద్ పాల్ గట్టు మీదే నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఓపిగ్గా చెబుతున్నాడు. సన్నగా, పొడుగ్గా, తలమీద గుడ్డటోపీతో, పెళ్లిపెద్దలా అందర్నీ పలకరిస్తున్నాడు.

"మనం పని చేస్తున్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. కండరాల్లోనూ ఇలాంటివే కొన్ని ఉంటాయి. అవి పేరుకోవడమే అలసట. ఈ నీళ్లలో కంటికి కనపడని నానో రేణువులు ఉన్నాయి. అవి చర్మంలోంచి లోపలికెళ్లి, ఆ పేరుకున్నదాన్ని మూటగట్టుకుని బయటికొచ్చేస్తాయి. ఒక రోజు పడుకుంటే తీరే అలుపు ఇక్కడ టీ చల్లారేలోగా తీరిపోతుంది."

"అంటే ఇల్లు ఊడ్చినట్టన్నమాట," అంది తన్మయి అత్తగారు సుహాసిని, చీరకొంగు పిండుకుంటూ.

"సరిగ్గా అంతేనమ్మా."

"మరి ఊడ్చిన చెత్త ఏం చేస్తావు బాబూ?"

డాక్టర్ కాస్త సిగ్గుపడ్డాడు. కొలను వెనకాల ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము చూపించాడు. "వడగట్టి అందులో ఉంచుతున్నాం. దాన్నేం చెయ్యాలో ఇంకా తేలలేదు. సముద్రంలో కలిపితే చేపలు ఈదడం మానేస్తాయి."

జనం నవ్వారు. తన్మయి నవ్వలేదు. నీళ్లలోంచి లేచి, తువ్వాలు చుట్టుకుని, టీ గ్లాసు పట్టుకుని, గట్టు మీదున్న పడక కుర్చీలో వెనక్కి వాలింది. ఎదురుగా సముద్రం తళతళలాడుతోంది. హాయిగా ఒక్క గుక్క తాగింది.

కుర్చీ కదిలింది. ముందు వీపుని మెల్లగా పైకి నెట్టింది. తర్వాత నిటారుగా అయింది. ఆ తర్వాత ముందుకి వంగి, పెద్దమనిషి బిడ్డని ఒళ్లోంచి దింపినట్టు ఆమెని నేలమీద నిలబెట్టేసింది. "మీ విశ్రాంతి పూర్తయింది. శుభదినం," అంది తియ్యటి గొంతుతో.

టీ సగం తన్మయి చేతిమీద ఒలికింది.

"పచ్చ దీపం వాళ్లని అవి మొయ్యవు మేడమ్," అంది అక్కడ పనిచేసే అమ్మాయి. "అలిసిపోయినవాళ్లకి చోటుండాలి కదండీ."

"అమ్మా, రా!" అని పిలిచింది కూతురు ఇరా. పదకొండేళ్ల పిల్ల. తండ్రి ఒక చెయ్యి పట్టుకుని లాగుతుంటే, రెండో చెయ్యి తల్లివైపు చాపింది. "నువ్వూ రావా?"

"మీరెళ్లండి తల్లీ. నేను కూర్చుంటాను."

అలా అని తన్మయి నిజంగానే కూర్చుంది. కుర్చీ లేకపోతే పోయిందని, కొలను గట్టు మీద పరిచిన రాళ్ల మీదే చతికిలబడింది.

ప్రణీత్ నోరు వెళ్లబెట్టాడు. "ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదండీ."

"నా మీద కోపమా?"

"అయ్యో, కోపమెందుకు?"

"మరేంటి?"

"ఏం లేదు. ఊరికే."

ఊరికే! ఆ మాట విని ప్రణీత్ గుడ్లప్పగించి చూశాడు. తలనొప్పంటే మాత్ర తెచ్చేవాడు. కోపమంటే బతిమాలేవాడు. మనిషి చెడ్డవాడు కాదండీ, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. కానీ ఒళ్లు బాగుండి, మనసు బాగుండి, పట్టపగలు, నలుగురిలో, పెళ్లాం ఊరికే కూర్చుంటే ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

అత్తగారు పరుగున వచ్చింది. కోడలి నుదురు మీద చెయ్యేసి చూసింది. చల్లగా ఉంది. చేతి పట్టీ చూసింది. పచ్చగా ఉంది. ఆవిడ కంగారు రెట్టింపయింది.

"లే తన్మయీ, అందరూ చూస్తున్నారు. ఏమీ లేకుండా అలా కూలబడితే ఏమనుకుంటారే?"

"ఏమీ లేదు కాబట్టే కూర్చున్నాను అత్తయ్యా."

"చోద్యం కాకపోతే! మా ఇంట్లో పగలు నడుం వాల్చానంటే, జ్వరమైనా ఉండాలి, పురుడైనా అయ్యుండాలి. లేకపోతే మా అత్తగారు వచ్చి తలగడ లాగేసేది."

చుట్టూ జనం మూగారు. ఒకావిడ కొబ్బరినీళ్లు తెచ్చింది. ఇంకొకావిడ అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది. ఎవరో దిష్టి అన్నారు. నాకేం కాలేదు మొర్రో అని తన్మయి ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. పాపం, అందరిదీ మంచి మనసే. ఆ మంచితనానికి ఆమె ఊపిరాడలేదు. ఆఖరికి డాక్టర్ సునంద్ పాల్ అలసట కొలిచే మెషిన్ పట్టుకుని వచ్చాడు. ఆమె చెయ్యి, మెడ, కనురెప్పలు అన్నీ పరీక్షించాడు. మళ్లీ పరీక్షించాడు. జనాన్ని అవతలికి పంపించి, ఆమె పక్కనే గొంతుకూర్చున్నాడు.

"అమ్మా, మీలో అలసటన్నది లేశమైనా లేదు."

"తెలుసండీ."

"మరి ఎందుకు లేవడం లేదు?"

"లేవాలని లేదు డాక్టర్ గారూ. అంతే."

ఆయన మెషిన్ వైపు చూసుకున్నాడు. అందులో దానికి పేరు లేదు. "నేనేదో తప్పు చేసినట్టు మాట్లాడుతున్నారు," అన్నాడు చిన్నబుచ్చుకుని. "ఇది నేను మా అమ్మ కోసం కనిపెట్టానమ్మా. రేపల్లెలో టైలరింగ్ చేసి నన్ను చదివించింది. సాయంత్రమయ్యేసరికి మెషిన్ మీదే వాలిపోయేది. ఆమె కష్టం చూడలేకపోయేవాణ్ని."

"వాలిపోయాక ఏం చేసేవారు?"

"ఏం చేస్తుంది? లేచి గుమ్మంలో కూర్చునేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని..." ఆయన ఆగాడు. "కబుర్లు చెప్పేది. వాళ్ల నాన్న చేపలవేట సంగతులూ, చర్చిలో పాటలూ. నా తలలో వేళ్లు పెట్టి నిమిరేది. అబ్బ, ఎన్ని కబుర్లమ్మా!"

"ఇప్పుడూ చెబుతారా?"

"ఇప్పుడు ఇంట్లోనే చిన్న తొట్టి పెట్టించాను. అలుపు మాటే లేదు. కోడి కూసినప్పుడు మెషిన్ ఎక్కితే..." డాక్టర్ మాట తడబడింది. "ఫోన్ చేస్తే, చేతిలో పనుంది నాన్నా, మళ్లీ చెయ్యి అంటుంది. ఎప్పుడు చేసినా అదే మాట."

ఆయన తలమీది టోపీ తీసి చేత్తో నలుపుతూ ఉండిపోయాడు. అంత చదువుకున్న మనిషి, అంత పెద్ద కొలను కట్టిన మనిషి, ఆ మాట తన నోటితో తానే విని నిర్ఘాంతపోయాడు. తన్మయికి ఆయన మీద జాలేసింది.

అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. రాకపోయినా బాగుండేది.

"డాక్టర్ గారూ, ఆ డ్రమ్ములో ఉన్నది మళ్లీ మనిషికి ఎక్కించొచ్చా?"

"ఎక్కించొచ్చు. మోచేతి దాకా అందులో ముంచితే చాలు, రేణువులు వెనక్కి వెళ్లిపోతాయి. కానీ అలసట కావాలని ఎవరు అడుగుతారమ్మా?"

"నేను అడుగుతున్నాను."

ఆయన వద్దన్నాడు. అది ఎవరెవరిదో కలిసిపోయిన అలసట, ఎవరిది వస్తుందో చెప్పలేనన్నాడు. ఆమె వినలేదు. ఎవరిదైతేనేం, ఆ దీపం ఎర్రబడితే చాలనుకుంది. చివరికి ఆయనే బేసిన్‌లోకి డ్రమ్ము కుళాయి తిప్పాడు. తడిసిన గోనెసంచి వాసన వేసింది. తన్మయి చెయ్యి ముంచింది.

ఒక్కసారిగా కాళ్లలోకి సీసం పోసినట్టయింది. భుజాలు కుంగిపోయాయి. ఎవరిదో నడుం నొప్పి వచ్చి ఆమె నడుంలో కూర్చుంది. పట్టీ ఎర్రగా వెలిగింది. కుర్చీలో వాలగానే అది ముద్దుగా వెనక్కి వంగి, పాదాల కింద మెత్త కూడా పెట్టింది.

"అదీ సంగతి!" అన్నాడు ప్రణీత్, కొండంత బరువు దిగినట్టు. "అలిసిపోయానని ముందే చెప్పొచ్చుగా! పడుకో, పడుకో. పాప సంగతి నేను చూసుకుంటాను." తువ్వాలు మడిచి తల కింద పెట్టాడు. కొబ్బరినీళ్లు పక్కన పెట్టాడు. ఎంత ప్రేమగా పెట్టాడో! ఇరా చెయ్యి పట్టుకుని సుడిగుండం వైపు వెళ్లిపోయాడు.

జనం సర్దుకున్నారు. దిష్టి లేదు, రోగం లేదు, పాపం అలిసిపోయిందంతే. ముక్కున వేలేసుకున్నవాళ్లంతా తృప్తిగా తలలూపారు.

అయితే ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. డ్రమ్ము వైపూ, తన్మయి కుర్చీ వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. వాళ్లలోంచి అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది ఎవరనుకుంటున్నారు? అత్తగారు సుహాసిని! జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంటూ డాక్టర్ ముందు నిలబడింది.

"నాకు రెండు రోజులకి సరిపడా ఇవ్వు బాబూ. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఏమో!"

ఆవిడ వెనక క్యూ. క్యూ వెనక క్యూ. పొద్దుణ్నుంచీ అందరి అలుపూ తీసిన కొలను ఖాళీగా మిగిలింది. మధ్యాహ్నానికల్లా పార్కువాళ్లు డ్రమ్ము పక్కన ఒక కౌంటర్ తెరిచేశారు. వ్యాపారమంటే వాళ్లదే! డాక్టర్ మాత్రం చిన్న సీసా ఒకటి నింపుకుని, మూత బిగించి, జేబులో వేసుకున్నాడు. "మా అమ్మకి," అని తన్మయి దగ్గర గొణిగి, రేపల్లె బస్సు కోసం పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

ఇక తన్మయి సంగతి. కోరుకున్నది దొరికింది. కుర్చీ ఉంది, సముద్రం ఉంది, పలకరించి లేపేవాళ్లు లేరు. కానీ కళ్లు తెరిచి ఉంచడమే గగనమైపోయింది. అలల చప్పుడు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. చూద్దామంటే రెప్పలు పడిపోతున్నాయి. ఊరికే కూర్చోవడమంటే ఇది కాదు. ఇది ఎవరో తెలియని మనుషుల చాకిరీని మోసుకుంటూ పడి ఉండటం. తాను ఎంత మోసపోయిందో తలుచుకుని ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క కుర్చీలో అత్తగారు నోరు తెరిచి గుర్రుపెడుతోంది.

పొద్దు వాలుతుండగా ఇరా ఒక్కతే వచ్చింది. రైడ్లన్నీ ఎక్కింది, మధ్యలో కొలనులోనూ ముంచారు. పట్టీ పచ్చగా ఉంది. తల్లి కుర్చీ పక్కనే నిలబడి, కాసేపు ఆమె మొహంలోకి చూసింది.

"అమ్మా, నీ దగ్గర కూర్చుంటాను."

"కూర్చో తల్లీ," అంది తన్మయి. నాలుక కూడా బరువుగా ఉంది. "కింద కూర్చో. రాళ్ల మీద కూర్చో."

"వద్దమ్మా. నువ్వు కూర్చుంటే పొద్దున అందరూ ఎంత గోల చేశారో చూశాగా." ఇరా పెద్దమనిషిలా తల ఊపింది. "ఉండు, ఇప్పుడే వస్తాను."

పిల్ల కౌంటర్ వైపు నడిచింది. గౌను చెయ్యి మోచేతి దాకా మడుచుకుంటోంది.

తన్మయి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. లేవబోయింది. కాళ్లు రాలేదు. అరవబోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె గింజుకోవడం గమనించిన కుర్చీ, పాపం ఇంకా అలుపు తీరలేదనుకుని, మరికాస్త వెనక్కి వాలింది. వాలుతున్న రెప్పల మధ్య నుంచి ఆమెకి కౌంటర్ ముందు మునివేళ్ల మీద నిలబడ్డ కూతురు కనిపించింది.

"నీకెంత కావాలి పాపా?" అని అడిగింది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

"మా అమ్మ పక్కన చీకటిపడేదాకా కూర్చునేంత," అంది ఇరా, చెయ్యి ముందుకి చాపి.