చూపుతోట

తెల్లారేసరికి గొడుగు పట్టుకున్న మట్టికప్పలు గేటు దాకా బారులు తీరి నిలబడ్డాయి. నిన్న సాయంత్రం అక్కడ ఒకే ఒక కప్ప ఉండేది. ఉత్పల దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకుంది, అంతే. మిగిలిన పని తోట చూసుకుంది. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఈ కాలంలో తోటలన్నీ అలాగే తయారవుతున్నాయి.

ఆమెను గుమ్మంలోనే నిలబెట్టేసిన సంగతి వేరే ఉంది. గేటు పక్కన వెదురుగడకు కట్టిన దిష్టిబొమ్మ మళ్ళీ మాయమైంది.

మొదటిసారి పోయినప్పుడు గాలికి పడిందనుకుంది. రెండోసారి కోతుల్ని తిట్టుకుంది. ఈసారి ఆ కుండను ఇనుపతీగతో బిగించి, మెలిపెట్టి మరీ కట్టింది. మెలి విప్పాలంటే మనిషి చేతులు కావాలి. ఈ ఆవరణలో ఉన్న మనుషులు ఇద్దరే. ఒకరు తాను. రెండోది చెల్లెలు నీరద.

ఉత్పల కాకినాడ సముద్రగోడ మీద ఇంజనీరుగా చేసి, ఉద్యోగం చాలించాక మారేడుమిల్లి అడవిలో ఈ చెక్క ఇల్లు తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఆమెకున్న పిచ్చల్లా ఒక పిచ్చి తోట వెయ్యాలని. ఇల్లు చేతికి రాగానే ఆ ముచ్చట తీర్చుకుంది. టీ కెటిళ్ళు బోర్లించి ఎర్రచుక్కలు పెట్టి పుట్టగొడుగుల్ని చేసింది. పాత ఫ్యాను రెక్కలు తూనీగ అయ్యాయి. విరిగిన స్నానపు తొట్టిలో కలువలు, చిరిగిన బూట్లలో గడ్డిగులాబీలు. ఎక్కడికీ చేరని నిచ్చెన ఒకటి ఆకాశం వైపు నిలబెట్టి, దాని మీదికి శంఖుపూల తీగ పాకించింది. పెద్దమనుషులు చూస్తే ఈమెకు మతి పోయిందనేవాళ్ళు. అడవిలో పెద్దమనుషులు ఉండరు కాబట్టి హాయిగా ఉంది.

ఇదంతా ఆమె చేతులతో చేసింది కొంతే. మిగిలింది నుదుటి మీది చూపుబొట్టు పుణ్యం. చూడడానికి మామూలు బొట్టులాగే ఉండే ఆ యంత్రం, పెట్టుకున్న మనిషి కన్ను దేని మీద నిలిచిందో, అప్పుడు గుండె ఎలా కొట్టుకుందో పసిగడుతుంది. ఆ కబురు మట్టిలో తిరిగే చీమయంత్రాలకు అందుతుంది. పేరుకు తగ్గట్టు చీమంతే ఉంటాయవి. మట్టి పిసుకుతాయి, అంట్లు కడతాయి, కత్తిరిస్తాయి, మోస్తాయి, ఏడాది ఎదగాల్సిన మొక్కను వారంలో ఎదిగిస్తాయి. చూసి మురిసినదాన్ని పెంచుతాయి, చూసి కళ్ళు చిట్లించుకున్నదాన్ని తీసేస్తాయి. నోరు తెరిచి అడగనక్కర్లేదు. పట్నాల్లో ఇళ్ళు, వీధులు, ఆఫీసులు కూడా ఇలా చూపును బట్టి మారడం మొదలై ఒక తరం గడిచిపోయింది. ఫలానాది నచ్చలేదని ఎదుటివాళ్ళకు చెప్పుకునే అలవాటే జనానికి తప్పిపోయింది.

ఇంత చదువుకున్న ఉత్పలకు దిష్టి గొడవ ఎందుకంటే దానికీ కారణముంది. అడవి చూడడానికి వచ్చే యాత్రికులు ఈ గేటు దగ్గర ఆగడం మొదలుపెట్టారు. "అబ్బ, ఎంత బావుందో!" అని ఒకావిడ నోరు వెళ్ళబెట్టిన రోజే తొట్టిలో కలువమొగ్గలు కుళ్ళిపోయాయి. సముద్రపు పోటును లెక్కగట్టిన ఇంజనీరుగారికి ఆ రెండింటికీ ఉన్న సంబంధం ఇట్టే తెలిసిపోయింది. ఆ పూటే పాతకుండకు సున్నం పూసి, గుడ్లు మిటకరించి, కోరలు దిద్ది, నాలుక వేలాడదీసి కట్టింది.

నీరద అది చూసి పడీపడీ నవ్వింది. "ఇంత ముద్దొచ్చే తోట పెట్టుకుని ఈ రాక్షసి మొహమేంటే అక్కా? తీసి అవతల పారెయ్యి!"

ఆ మాట ఉత్పల మనసులో ముల్లులా ఉండిపోయింది. చెల్లెలి గది వైపు చూసినప్పుడల్లా అది గుచ్చుకునేది.

నీరద బెజవాడలో మొగుణ్ణి వదిలేసి, వానలకు ముందు ఒక సంచితో వచ్చి వాలింది. ఎందుకు వదిలేశావని అడిగితే, "పడలేదులే" అంది. అంతకు మించి నోరు పెగల్లేదు. ఉత్పల తోట చివర ఉన్న చిన్న గది ఆమెకు ఇచ్చింది. "ఇంకెక్కడికీ వెళ్ళకే, ఇక్కడే ఉండిపో. మనిద్దరం చాలు" అని బతిమాలింది. "చూద్దాంలే, వానలు వెళ్ళనీ" అంది నీరద. ఉత్పలకు లోకంలో నా అన్న మనిషి ఆ చెల్లెలొక్కతే. వానలు వెళ్ళాక కూడా నీరద ఇక్కడే ఉండాలన్నదే ఈ వయసులో ఆమెకు మిగిలిన కోరిక.

నీరద వచ్చిన రోజే ఉత్పల ఆమెకూ ఒక చూపుబొట్టు ఇవ్వబోయింది. నీరద చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాకొద్దు." అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు గానీ, ఇప్పుడు పట్టించుకోవలసి వస్తోంది. దాచుకునేది లేకపోతే బొట్టు ఎందుకు వద్దంటారు?

ఉత్పల ఇలా తలపోస్తూ ఉండగానే ఇంటి వెనక వాగు వైపు నుంచి నీరద వచ్చింది. చెప్పుల నిండా తడిబురద.

"వాగు మీంచి వస్తున్నావేంటే?"

"అలా తిరిగొచ్చాను."

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే నడిస్తే తప్పేంటి?" నీరద ఒక్క క్షణం అక్క ముఖంలోకి చూసింది. ఏదో అడుగుతుందేమోనని ఎదురుచూసినట్టు చూసి, లోపలికి వెళ్ళబోయింది.

"దిష్టిబొమ్మ మళ్ళీ పోయింది" అంది ఉత్పల.

"అయితే?"

"అయితే ఏముంది, ఎవరు తీశారా అని."

"నన్నడుగుతున్నావా, నాతో చెప్తున్నావా?"

ఉత్పల ఖాళీ వెదురుగడ వైపు తిరిగింది. నీరద కాఫీ కలుపుకుని తాగి, మళ్ళీ వాగు వైపే వెళ్ళిపోయింది. ఆ గదికి తోట మధ్యలోంచి బంగారం లాంటి బాట ఉండగా ఈ చుట్టుదారి ఎందుకు? ఆ వాగు గట్టున ఏం దాచింది?

అనుమానం అంటూ పట్టుకున్నాక దానికి మేత వెతుక్కోనక్కర్లేదు, అన్నీ మేతే. నీరద నవ్వితే ఎగతాళి, నవ్వకపోతే తప్పు చేసిన ముఖం. తోట చివరి గది వైపు చూస్తే ఉత్పలకు నుదురు ఇంకా ముడిపడిపోయేది. అక్కడికి వెళ్ళి కబుర్లు చెప్పుకునే అలవాటు అప్పటికే మానేసింది. వీధివరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపు కాపలా కూర్చోవడం మొదలుపెట్టింది. తొట్టి వెనకాల కొత్తగా గోరింట కంచె ఒకటి ఏపుగా లేస్తోంటే, చీమలకు మంచి పనితనం ఉందని మెచ్చుకుంది కూడా.

ఈసారి బూడిదగుమ్మడికాయ మీద ఇంకా భయంకరమైన ముఖం గీసి కట్టింది. కాసేపు దాన్నే కనిపెట్టి చూసింది. మధ్యాహ్నం మంచినీళ్ళకు లోపలికి వెళ్ళి వచ్చేలోగా గుమ్మడికాయ లేదు. అదే సమయానికి నీరద, గుడ్డ కప్పిన బుట్టతో పెరటిగుమ్మంలోంచి వంటింట్లోకి వస్తోంది. బుట్ట దించి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది.

ఉత్పల చూపు బుట్ట మీద పడింది. ఒకరి బుట్టలో చెయ్యి పెట్టే మనిషి కాదామె. ఆ రోజు పెట్టింది. గుడ్డ తొలగించి అడుగు దాకా కెలికింది.

"ఏం దొరికిందే?"

గుమ్మంలో నీరద నిలబడి ఉంది.

ఉత్పల గుడ్డ మళ్ళీ కప్పేసింది. "చెంచలికూర" అంది చివరికి.

"పప్పులో వేద్దామని కోసుకొచ్చాను. నీకిష్టం కదా."

ఆ పూట ఇద్దరూ ఆ పప్పే తిన్నారు. సిగ్గుతో ముద్ద దిగకపోయినా ఉత్పలకు అనుమానం మాత్రం పోలేదు. బుట్టలో లేకపోతే ఇంకెక్కడో ఉంటుంది. అంతే కదా!

నీరద వెళ్ళిపోయాక, ఇన్నాళ్ళూ ఇంటి గుట్టని ఊరుకున్న పని చేసింది. తోటగొంతును పిలిచింది. తోటలు అమ్మే సంస్థవాళ్ళు వరండా స్తంభంలో అమర్చిన గొంతు అది. చెల్లెలి దొంగతనం రుజువుతో సహా బయటపెట్టించాలని ఆమె ఉద్దేశం.

"గేటు దగ్గర కట్టిన బొమ్మల్ని ఎవరు తీస్తున్నారో చూపించు."

"మేమే తీశామండీ" అంది తోటగొంతు.

"మీరా? తీగ మెలి కూడానా?"

"తీగను కత్తిరించాం. ముక్కలన్నీ పూడ్చిపెట్టాం. ఆ వస్తువును చూసిన ప్రతిసారీ మీరు కళ్ళు చిట్లించారు, మీ గుండె తడబడింది. మీకు గిట్టదని గ్రహించి తొలగించాం."

"గిట్టకపోవడమేంటి? దాన్ని కట్టిందే నేను!"

తోటగొంతు కాస్త తటపటాయించింది. "తాను చూడలేని వస్తువును మనిషి తానే తయారుచేసి, తన ఇంటి ముందే కట్టుకుంటారన్న సమాచారం మా దగ్గర లేదండీ."

పాపం, వాటికెలా తెలుస్తుంది? దిష్టిబొమ్మ ముఖం చేసేదే కన్ను బెదరడానికి. కట్టినవాళ్ళ కన్నయినా బెదురుతుంది. ఆ సంగతి చీమలకే కాదు, రోజూ కట్టి రోజూ చూసిన ఉత్పలకూ తట్టలేదు.

ఆమెకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. చెల్లెలు దొంగ కాదు! ఈ నిమిషమే చెప్పాలి, చెప్పి చెంపలు వేసుకోవాలి, ఇద్దరూ కలిసి నవ్వుకోవాలి. చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి పరుగెత్తింది. కెటిళ్ళు దాటింది, నిచ్చెన దాటింది, తొట్టి పక్కకు తిరిగింది.

అక్కడ బాట లేదు.

బాట ఉండాల్సిన చోట గోరింట కంచె మనిషెత్తున నిలబడి ఉంది. కొమ్మలు ఎంత దగ్గరగా అల్లుకున్నాయంటే చెయ్యి కూడా దూరలేదు. ఆమె మెచ్చుకున్న కంచే అది. ఇటు పరుగెత్తింది, అటు పరుగెత్తింది. ఎటు చూసినా ఆ గదికి దారి లేదు. చివరికి ఇంటి వెనక నుంచి వాగులోకి దిగి, బురదలో జారుతూ, గట్టెక్కి, గది వెనకతలుపు తోసింది.

నీరద సంచి సర్దుకుంటోంది.

"నువ్వు కాదే, చీమలు! బొమ్మలు తీసింది చీమలే!" ఉత్పల రొప్పుతూ అంది.

"నేను కాదని నాకు తెలుసు కదక్కా."

"మరి దారి మూసుకుపోయిందని ఒక్క మాట చెప్పవేంటే?"

"నువ్వే మూయించావనుకున్నాను. అడుగుతావేమోనని రోజూ చూశాను. ఒక్కసారి ఈ వైపు నడిచొచ్చుంటే నీకే కనపడేది."

"నేను మూయించలేదు. ఒట్టు. ఆ చీమలు వాటంతటవే..."

"వాటంతటవి ఏమీ చెయ్యవు. నీ కళ్ళు చూసే చేస్తాయి." నీరద గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మనిషిని తీసెయ్యమని వాటికి చెప్పలేదు ఎవరూ. దారి తీసేస్తాయి. బెజవాడలో మా ఇల్లూ ఇదే పని చేసింది. ఆయన బొట్టు పెట్టుకునేవాడు. ముందు నా కుట్టుమిషను కనపడకుండా పోయింది. తర్వాత నా కుర్చీ. ఆఖరికి నా గది తలుపు ఇరుకైపోయి, పక్కకు తిరిగి ఒదిగితే గానీ పట్టేదాన్ని కాదు. ఆయన నన్ను పల్లెత్తు మాటనలేదు. ఎవరితో చెప్పుకోను?"

ఉత్పల గోడకు చేరగిలబడింది. ఆ గది వైపు తాను ఎలా చూసిందో తనకు తెలుసు.

"బొట్టు తీసేస్తానే. ఇప్పుడే తీసేస్తాను. ఉండిపోవే నీరదా."

"బొట్టు తీస్తే చూపు పోతుందా?" నీరద అక్క చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపంతో కాదక్కా. ఇది ఒకసారి చివరిదాకా చూశాను. మళ్ళీ చూసే ఓపిక లేదు. రాజమండ్రిలో పిల్లలకు కుట్టు నేర్పే పని ఉందన్నారు. వెళ్ళాక మాట్లాడతాను."

ఇద్దరూ వాగులోంచే చుట్టూ తిరిగి గేటు దాకా వచ్చారు. బండి ఎక్కేచోటు దాకా వస్తానంటే నీరద వద్దంది. ఉత్పల గేటు పట్టుకుని నిలబడిపోయింది. భుజాన సంచి, నడుం దాటిన జడ, ఒక పక్కకు ఒరిగే నడక. చిన్నప్పుడు బడికి తన ముందు పరుగులాంటి నడకతో పోయిన పిల్లే ఇది. గుండె నీరైపోయింది. ఇన్ని వారాల తర్వాత ఆమె చెల్లెల్ని అనుమానం లేకుండా చూసింది ఆ కాసేపే. మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూస్తూనే ఉంది. బొట్టు తీసేస్తానన్న సంగతే ఆమెకు గుర్తు లేదు.

తెల్లవారి తలుపు తీస్తే గేటు దగ్గర ఒక ఆడమనిషి అటు తిరిగి నిలబడి ఉంది. భుజాన సంచి, నడుం దాటిన జడ. ఉత్పలకు ప్రాణం లేచొచ్చింది.

"నీరదా!"

ఆ మనిషి తిరగలేదు. దగ్గరికి వెళితే మట్టి. ఇంకా ఆరని పచ్చిమట్టి. జడ పాయలు, జారిన చెంగు, చెప్పు అరిగిన మడమ, అన్నీ తు.చ. తప్పకుండా చేశాయి చీమలు. ఆమె మురిపెంగా చూసిందని చేశాయి.

ఉత్పల చుట్టూ తిరిగి ముందు వైపుకు వెళ్ళింది. బొమ్మకు ముఖం లేదు. కళ్ళు, ముక్కు, నోరు ఉండాల్సిన చోట నున్నటి మట్టి ఉంది. ఎందుకు లేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇన్నాళ్ళూ ఆ ముఖంలోకి అబద్ధం వెతకడానికే తప్ప ఆమె చూడలేదు. ఆమెకు నచ్చిన ముఖం ఒకటుందని చీమలకు తెలిసే అవకాశమే రాలేదు.

ఆ ఉత్తిమట్టిని రెండు చేతులా పట్టుకుని, చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూ ఉత్పల ఏడ్చింది.