బ్రేకులో గాలి

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను అక్కడక్కడా తారుమారు చేసి ఉండొచ్చు. ఈమధ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాను. మా మరిది జీపు సంగతి మాత్రం ఇంకా జారిపోలేదు. జారిపోకముందే నీకు రాసేస్తే, చెల్లీ, నా మనసు కుదుటపడుతుంది.

మరిదిని ఇంట్లో పిల్లలు పానా బాబాయి అంటారు. చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. ఉద్యోగం ఆఫీసులో పటాలు గీయడం, ప్రాణం మాత్రం పాత జీపుల మీద. అదీ రోడ్డు లేనిచోట కూడా పోయే రకం, తనకంటే వయసులో పెద్దదై ఉండాలి. అంతకుముందు ఇలాంటిదే ఒకదాన్ని బాగుచేసి, వాగులూ గుట్టలూ తిప్పి, ముచ్చట తీరాక ఎవరికో ఇచ్చేశాడు. ఆ రోజుల్లో ఆయన మొహం చూడాలి, పెళ్ళినాడు కూడా అంత వెలగలేదని మా తోడికోడలు దెప్పేది.

ఈ రెండోది మూతపడిన రాళ్ళ క్వారీలో దొరికింది. రేకుల కప్పు కూలి దాని మీదే పడుంది. కాపలా ముసలాయన తాళం తీసి, గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

"ఎవరిది తాతా ఇది?"

"తీసుకుపోయేవాడిదే" అన్నాడు ఆయన.

మరిదికి ఆ మాట సరసంగా తోచింది. నవ్వుకుంటూ లారీకి ఎక్కించి తెచ్చుకున్నాడు.

తెచ్చాక మొదలైంది బాధ. నేల రేకు తుప్పుపట్టి జల్లెడైపోయింది. "కూర్చున్నచోటే కాళ్ళు కడుక్కోవచ్చు, భలే సౌకర్యం" అంది తోడికోడలు. ఆయన పని ఒకటే. ఆఫీసు నుంచి రావడం, చొక్కా మార్చుకోవడం, షెడ్డులోకి దూరడం. రేకులు అతికాడు. ఇంజను విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. అది ఒకనాటి సాయంత్రం దగ్గి, తుమ్మి, తిరిగింది కూడా. ఆకుపచ్చ రంగు వేయించాడు. అంతా అయింది, ఒక్క బ్రేకులు తప్ప.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే పెడల్ మెత్తగా దూదిలో దిగినట్టు దిగిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర చిన్న మర వదులు చేయాలి. నూనెతోపాటు బుడగలు బయటికొస్తాయి. మర బిగించాకే పెడల్ వదలాలి. మధ్యమధ్య బోనెట్ ఎత్తి, డబ్బాలో బ్రేకు నూనె తగ్గకుండా పోస్తుండాలి. డబ్బా ఎండిందా, మళ్ళీ గాలే.

కింద పడుకునేది మరిది. తొక్కేదీ, పోసేదీ తోడికోడలు.

"తొక్కు."

"తొక్కాను."

"వదులు."

"వదిలాను. ఇది ఈ జన్మకి తెమిలేనా?"

వారాల తరబడి ఇదే పాట. ఎన్నిసార్లు చేసినా పెడల్ దూదే. గొట్టాలు మార్చాడు, వాషర్లు మార్చాడు. తెప్పించిన సామాను ఒకసారి పెద్దది, ఒకసారి చిన్నది. చేతి బ్రేకు తీగైతే ఇంకా రానేలేదు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. అన్నం ముందు కూర్చుని కూడా పళ్ళు నూరుకునేవాడు. చివరికి తోడికోడలికీ ఓపిక చచ్చింది.

"ఏమండీ, ఈ ఆదివారం నన్ను కొండ మీదికి తీసుకెళ్ళి క్షేమంగా దింపుకొస్తే సరే. లేదంటే సోమవారం పాత ఇనుము కొనేవాడిని పిలుస్తాను. మీరు ఏడ్చినా వినను."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదని ఆయనకు తెలుసు.

శనివారం మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. షెడ్డులో దీపం వేసుకుని మొదలుపెట్టారు. కాసేపటికి డబ్బాలో నూనె అడుగంటింది. కొత్త సీసా ఇంట్లో ఉంది. "తెస్తానుండండి" అని ఆవిడ దిగింది. ఆయనకు వినపడలేదు. రేకుల మీద వాన అప్పుడే అందుకుంది మరి.

బండి కింద నల్లగా ఉంది. తడిమట్టి వాసన, తుప్పు వాసన. వీపు కింద నేల చల్లగా పాకుతోంది. మర మీద పానా పెట్టి కేకేశాడు.

"తొక్కు."

జవాబు లేదు. పెడల్ మాత్రం దిగింది. స్ప్రింగు కీచుమంది. అలిగిందనుకున్నాడు. అలిగితే అలిగింది, పని చేస్తోంది చాలు.

"వదులు."

వదిలింది.

"తొక్కు."

ఈసారి మర వదులు చేస్తే బుడగ లేదు. చుక్క నూనె కూడా రాలేదు. చల్లని గాలి సన్నగా, ఎవరో ఊపిరి వదిలినట్టు, ఆయన వేళ్ళ మీదుగా పోయింది. ఆగకుండా చాలాసేపు పోయింది. దాంతోపాటు రాతిపొడి వాసన. అప్పుడే పగలగొట్టిన రాయి వాసన.

నాలుగు చక్రాలకూ అలాగే చేశాడు. ఆఖరి మర బిగించి పాక్కుంటూ బయటికొచ్చి, చెయ్యి చాపి పెడల్ నొక్కి చూశాడు. బండలా ఉంది. ఇన్నాళ్ళకి! ఎగిరి గంతేయాలనిపించి తలెత్తాడు.

సీట్లో ఎవరూ లేరు.

అప్పుడు ఇంటివైపు నుంచి, నెత్తిన గోనెపట్టా కప్పుకుని, తోడికోడలు పరుగున వచ్చింది. చేతిలో సీసా.

"ఈ మూత ఎవడు బిగించాడో గానీ, చేతులు బొబ్బలెక్కాయి. వాన తగ్గుతుందేమోనని గడపలో నిలబడ్డాను. మీరేమిటి, ఒక్కరే అలా కేకలేస్తున్నారు?"

ఆయన ఖాళీ సీటు కేసి చూశాడు. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. చెబితే ఆవిడ బండి ఎక్కదు. ఎక్కకపోతే సోమవారం పాత ఇనుము కొనేవాడు. అన్ని నెలల చాకిరీ కళ్ళముందు మెదిలింది.

"అయిపోయింది" అన్నాడు. "గాలి పోయింది. నూనె అక్కర్లేదు."

"అమ్మయ్య" అని ఆవిడ సీసా గూట్లో పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరారు. ఊళ్ళో వీధుల్లో బ్రేకు ఎక్కడ తొక్కితే అక్కడ నిలిచింది. కొండ దారి మట్టిదారి, ఒకవైపు లోయ. ఎత్తు చూస్తే తోడికోడలికి కళ్ళు తిరుగుతాయి. దారి పొడవునా కళ్ళు గట్టిగా మూసుకునే కూర్చుంది. అయినా హుషారుగానే ఉంది.

"మీ రెండో పెళ్ళాం నడక బాగానే ఉందండీ."

"మొదటావిడలా సతాయించదు."

పైన కాసేపు కూర్చున్నారు. జీపు పక్కన నిలబడి ఆవిడ జుట్టు సర్దుకుంటుంటే, నెలల తర్వాత మొదటిసారి ఆయన గుండె తేలికపడింది. భయమంతా తన భ్రమేమో అనుకున్నాడు. స్ప్రింగు దానంతటదే ఆడి ఉంటుంది.

దిగేటప్పటికి మబ్బు మళ్ళీ కిందికి వాలింది. పొద్దుగూకకుండానే చీకటి. దారి బాగా ఏటవాలుగా ఉన్నచోట, మలుపుకు కొంచెం ముందు, బండి ఆగిపోయింది. ఇంజను ఆరిపోయింది. ఆయన బ్రేకు తొక్కలేదు. పాదం కింద చూసుకుంటే పెడల్ అప్పటికే దిగి ఉంది.

కాలితో ఎత్తబోయాడు. రాలేదు. చేత్తో లాగాడు. రాలేదు.

"ఏమైందండీ?" కళ్ళు తెరవకుండానే అడిగింది.

"బ్రేకు పట్టేసింది. ఛీ, దీని దుంపతెగ! కదలకు, చూసొస్తాను."

విసుగులో చక్రాల కింద రాయి పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. దిగి, బోనెట్ ఎత్తి, టార్చి వేసి, నూనె డబ్బా మూత తిప్పాడు.

డబ్బాలో నూనె లేదు.

తడి కూడా లేదు. అడుగున తుప్పు పొరలు, వాటి మీద తెల్లటి సాలెగూడు. ఏళ్ళనాటిది. ముందురోజు వరకు తాము నూనె పోసిన డబ్బా అది.

ఆయన అలాగే నిలబడిపోయాడు. నూనె లేదు... చేతి బ్రేకు లేదు... ఇంజను ఆరిపోయింది... ఇంత వాలులో బండి ఎలా నిలబడింది?

ఎత్తిన బోనెట్ అడ్డం. సీట్లు కనపడవు. అవతలి నుంచి తోడికోడలి గొంతు, గుసగుసగా...

"ఏమండీ... ఎంతసేపలా తొక్కిపట్టుకుంటారు? కాలు నొప్పి పుట్టడం లేదూ?"

ఆయన బోనెట్ అంచు పట్టుకున్నాడు.

"చెయ్యేమిటింత చల్లగా ఉంది... మంచులా..."

"నేనిక్కడున్నానే" అన్నాడు. గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ అన్నాడు. "ఏమే... నేను బయట ఉన్నాను. దిగు. మెల్లగా దిగు."

వాన చినుకు ఒకటి బోనెట్ మీద టప్పుమంది.

తర్వాత ఆవిడ మాట్లాడింది. ఆయనతో కాదు. మీరు అనలేదు, నువ్వు అంది. ఒక పేరు పెట్టి పిలిచింది, పసివాణ్ణి నిద్రలేపినట్టు మెత్తగా.

"నేను దిగేదాకా పట్టుకో నాయనా. దిగాక వదిలెయ్యి."

తలుపు తెరుచుకుంది. తడుముకుంటూ దిగింది. ఆయన ఆవిడ రెక్క పట్టుకుని గట్టుకేసి లాగేశాడు. ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

జీపు లోపల పెడల్ టక్కున పైకి లేచింది.

బండి కదిలింది. దీపాల్లేకుండా, ఇంజను లేకుండా, బోనెట్ ఎత్తుకునే మెల్లగా జారింది. లోయలోకి దూకుతుందని ఆయన కళ్ళు మూసుకున్నాడు. దూకలేదు. మలుపు దగ్గర ముందు చక్రాలు నెమ్మదిగా తిరిగాయి. అలవాటైన చెయ్యి తిప్పినట్టు ఒద్దికగా మలుపు తిరిగి, అవతలికి వెళ్ళిపోయింది.

మర్నాడు వెతికారు. దారిలో లేదు, లోయలో లేదు. చక్రాల జాడ మలుపు దాకా ఉంది, అవతల లేదు.

తోడికోడలు ఇప్పటికీ ఒకటే మాట అంటుంది, తాను ఎవరినీ పేరుపెట్టి పిలవలేదని. కళ్ళు మూసుకున్నంతసేపూ పక్కన మొగుడే ఉన్నాడని. మరిది మాత్రం ఆ పేరు స్పష్టంగా విన్నానంటాడు. మా రెండు వైపులా ఆ పేరుగల వాళ్ళు ఎవరూ లేరు. ఒక్కసారే, అదీ నా చెవిలో చెప్పాడు. అన్నీ మరిచిపోతున్న నాకు అదొక్కటే మరుపు రావడం లేదు. వంటింట్లో పని చేసుకుంటుంటే నాలుక చివరిదాకా వచ్చేస్తోంది.

చెల్లీ, ఇది చదివాక ఒకసారి ఇటు రా. ఆ పేరు ఇందులో రాయలేదు. పళ్ళెంలో పిండి పరిచి వేలితో రాసి చూపిస్తాను, నువ్వెప్పుడైనా విన్న పేరు అవునో కాదో తలూపు చాలు. నోటితో మాత్రం అనకు. నిన్న నేను పొరపాటున అన్నాను. పక్క గదిలోంచి పలికారు.