ఇల్లందు గిన్నె

"ఇది మన గిన్నె కాదు," అంది భారతమ్మ.

పేపరు చదువుతున్న వెంకటరామారావు తల ఎత్తలేదు. "గిన్నెలా లేదా?"

"గిన్నెలాగే ఉంది. మనది కాదంటున్నాను. క్యారియర్‌లో మధ్య గిన్నె ఇది. కిందదాని మీద సరిగ్గా కూర్చోవడం లేదు. రేపు సాంబారు పోస్తే పిల్ల చీర మీదే."

"నొక్కితే కూర్చుంటుంది."

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే మాట. నొక్కితే కూర్చునేవి వేరు, ఇమిడేవి వేరు."

గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. అంచు కింద చుక్కలతో చెక్కిన అక్షరాలు: కె. రామక్క, ఇల్లందు. ముక్కూ మొహం తెలియని మనిషి సరాసరి వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నట్టనిపించింది భారతమ్మకు.

"హైమా, ఈ రామక్క ఎవరే?"

"నాకేం తెలుసు అత్తయ్యా."

తెలుసు. ఆమె పనిచేసే దవాఖానాలో ఇల్లందు మనిషి ఒక్కడే.

హైమావతిది సత్తుపల్లి. వరంగల్‌లో పిల్లల వైద్యంలో పీజీ మొదటి ఏడు. అడవి అంచున ఉన్న దవాఖానాలో రెండు నెలల పోస్టింగ్ పడితే, సారపాక కాగితం మిల్లు క్వార్టర్స్‌లో మేనత్త ఇంట్లో ఉండి రోజూ బస్సులో వెళ్ళొస్తోంది. ఆ పోస్టింగ్‌లోనే ఇంకో పీజీ రాజలింగం. ఇల్లందు గని కార్మికుడి కొడుకు. భద్రాచలంలో గది కిరాయికి తీసుకున్నాడు. వండిపెట్టడానికి వాళ్ళమ్మ కూడా వచ్చింది.

అతని మీద హైమకు మొదటి వారం నుంచే అనుమానం. రౌండ్స్ అయ్యాక హైమ పేషెంట్ల దగ్గరే తచ్చాడుతుంటాడు. తల్లుల పక్కన కింద కూర్చుని ఏవో గుసగుసలు. ఆమె రాగానే లేచి వెళ్ళిపోతాడు. మొన్న శనివారం వరంగల్ నుంచి ప్రొఫెసర్ గారు వచ్చి, హైమ కేసు చెబుతుండగా మధ్యలో ఆపారు.

"పుస్తకం చెప్పింది బాగా విన్నావమ్మా. తల్లి చెప్పింది వినలేదు."

ఆ సంగతి ఆయనకు మోసిందెవరు?

ఎంబీబీఎస్‌లో హైమ ఏ ఏడూ వెనకబడలేదు. పీజీకి వచ్చాక ఒక్కరోజు కూడా ఎవరూ 'బాగుంది' అనలేదు. ఆ సాయంత్రమే మామయ్య ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. "నా వల్ల కాదు నాన్నా."

"కాకపోతే మానెయ్. ఎంబీబీఎస్ చాలు. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తా," అన్నాడు వెంకటనారాయణ.

ఇప్పుడీ గిన్నె. వెళ్ళిపోయే ముందు ఇతనిదేం వేషం అనుకుంది హైమ.

పొద్దున భారతమ్మ ఆ గిన్నె నిండా గోంగూర పచ్చడి పెట్టి సంచిలో సర్దింది. "ఇచ్చేసి మనది పట్టుకురా. ఒట్టి గిన్నె పంపితే మన ఇంటి పరువేం గాను?"

*

దవాఖానా వరండాలో వాన జల్లు కొడుతోంది. రాజలింగం ఎదురొచ్చాడు, చేతిలో గిన్నె. అంచు మీద భారతమ్మ పేరు.

"మీ గిన్నె మా ఇంటికొచ్చింది. మా అమ్మ ఒట్టిది పంపొద్దని మక్కగారెలు పెట్టింది."

"మీ ఇంటికెలా వచ్చింది?"

"ఆయా ద్వాలక్క అందరి టిఫిన్లు ఒక్కతాన్నే కడుగుతది గద. గట్ల మారినట్టుంది."

ఆయా మీదికి తోసెయ్యడం ఎంత తేలికో, అనుకుంది హైమ.

"మరి మాది?" అన్నాడు, గిన్నె ఆమె చేతికిస్తూ.

హైమ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. అంతలో వార్డులోంచి జమ్లి పిలిచింది. జమ్లి కూతురు హైమ పేషెంటే. "సారూ, మీరడిగింది యాదికొచ్చింది, ఇటు రా."

హైమ చెయ్యి ఆగిపోయింది. "తేలేదు."

"గోంగూర వాసన వస్తున్నది గద?"

"మీ ముక్కు కూడా నిఘా పెట్టిందా? నా పేషెంట్ తల్లితో మీకేం పని?"

"మీరు ఏం చూసిన్రో, ఏం అడిగిన్రో అడుగుతున్న."

"ఎవరికి చెప్పడానికి?"

"మరి మొన్న నేను కేసు అడుగుతుంటే మీరు పరదా ఎనక నిలబడ్డరు. గదెవరికి చెప్పనీకి?"

"నేనా?"

"పరదా కింద చెప్పులు కనబడ్డయి. ఒకదానికి పిన్నీసు ఉన్నది."

హైమ కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. లోపలికి నడిచింది.

*

జమ్లి కూతురికి విరేచనాలు. కళ్ళు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత మెల్లగా పోతోంది.

"పొద్దుట్నుంచి నీళ్ళు ఎంత తాగింది?"

"తాగింది."

"గ్లాసా, అరగ్లాసా?"

"తాగిందమ్మా."

అబద్ధం చెబుతోంది అనుకుంది ముందు. తర్వాత జమ్లి చేతివైపు చూసింది. కుండలో ముంచి, దోసిట్లోంచి పిల్ల నోటికి ఒంపుతున్న చెయ్యి. ఆ నీళ్ళు గ్లాసుల్లో ఎవరు చెబుతారు?

హైమ సంచిలోంచి రామక్క గిన్నె తీసి, గోంగూరను తన టిఫిన్ మూతలోకి మార్చింది. గిన్నె కడిగి, జమ్లి పక్కన నేల మీద కూర్చుంది.

"పిల్ల తాగిన నీళ్ళన్నీ ఇందులో పోస్తే ఎక్కడిదాకా వస్తాయి?"

జమ్లి గిన్నె లోపల వేలు పెట్టింది. అడుగుకు దగ్గరగా.

"గింతే. కక్కుతదని భయమై ఇయ్యలే."

ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఆ గిన్నెలోనే పోసి, చెంచాతో కొంచెం కొంచెంగా ఎలా పట్టాలో చూపించింది హైమ. అంచు నుంచి వేలి గుర్తుదాకా ఎన్నిసార్లు ఖాళీ అయితే అంత తాగినట్టు. లెక్క జమ్లే చెప్పేది. ఒకటి రెండు రోజుల్లో పిల్ల హైమ స్టెతస్కోప్ పట్టుకుని గుంజడం మొదలుపెట్టింది.

గిన్నె మాత్రం వార్డులోనే ఉండిపోయింది.

"ఇచ్చావా?" సాయంత్రాలు భారతమ్మ ప్రశ్న.

"లేదు."

"పచ్చడి?"

"నేనే తిన్నాను."

"పరాయి ఇంటి గిన్నె దాచుకుని, వాళ్ళకని పంపిన పచ్చడి నువ్వు తిన్నావా?" భారతమ్మ మొగుడి వైపు తిరిగింది. "నాకేదో తేడాగా ఉంది."

"నొక్కకుండానే కూర్చున్నట్టుంది," అన్నాడు వెంకటరామారావు, పేపరు తిప్పుతూ.

*

శనివారం ప్రొఫెసర్ గారు "ఎంత తాగింది?" అని అడిగారు. హైమ గిన్నె చూపించింది. జమ్లి వేలు పెట్టి చూపించింది. ఆయన గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. రాజలింగం, నువ్వూ ఇలాంటిదొకటి తెచ్చుకో."

"సార్, అది మా అమ్మదే సార్."

వార్డులో ముందు నవ్వింది జమ్లి.

ఆయన వెళ్ళాక ఇద్దరూ వరండాలో మిగిలారు. వాన మళ్ళీ అందుకుంది.

"సార్ వచ్చినప్పుడల్ల నన్ను తిడ్తడు," అన్నాడు రాజలింగం. "హైమావతి పిల్లను ముట్టి చూసినట్టు నువ్వు చూడవని. మీరెట్ల చూస్తరో మిమ్ములనడగాల్నంటే భయం. అందుకే తల్లులనడుగుతుంటి."

"నాకు మీలా తల్లులతో మాట్లాడటం రాదంటారు. అందుకే పరదా వెనక నిలబడి విన్నాను." హైమ మాట మార్చింది. "గిన్నె మారిందని మీకెప్పుడు తెలిసింది?"

"గా దినమే. ఈడ మూత పెట్టంగనే తెలిసింది."

"అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే ఆడికాడికే అయిపోతుండె."

చూరు నీళ్ళు ఇద్దరి మధ్యా పడుతున్నాయి.

"గిన్నె ఎప్పుడొస్తదని అమ్మ అడుగుతున్నది. ఇప్పట్ల రాదన్న. అది వస్తే మీతోని మాట్లాడనీకి నాకు వేరే పనేమున్నది? మీరు పీజీ ఇడిసిపెట్టి పోతున్నరట గద?"

"ఎవరన్నారు?"

"జమ్లి."

"జమ్లికి చెప్పడం నాదే తప్పు," అంది హైమ. "నేనుంటే మీకేమిటి?"

అతను ఆమె చెప్పుల వైపు చూశాడు. "గా పిన్నీసు చెప్పు చప్పుడు ఇనబడకపోతే దవాఖానాకు వచ్చినట్టే ఉండదు."

ఈసారి హైమ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం వెంకటనారాయణ జీపులో వచ్చాడు. భోజనాలకు కూర్చోగానే అడిగాడు.

"పెట్టె సర్దావా?"

"లేదు నాన్నా. నేను రావడం లేదు. పీజీ పూర్తి చేస్తాను."

"మొన్న ఏడ్చావు. ఈ వారంలో ఏం జరిగింది?" అనుమానంగా చుట్టూ చూశాడు. అతని చూపు పీట పక్కనున్న గిన్నె మీద ఆగింది. జమ్లి కూతురు కోలుకోవడంతో నిన్న హైమ ఇంటికి తెచ్చిన ఆ గిన్నెను, తిరిగి పంపడానికి భారతమ్మ మళ్ళీ గోంగూరతో నింపి పెట్టింది. అంచు తిప్పి చదివాడు. "ఇల్లందులో మనకెవరున్నారు?"

వెంకటరామారావు చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది.

"నాతో పీజీ చేసే రాజలింగం గారి అమ్మ," అంది హైమ. "వాళ్ళ నాన్న బొగ్గుగనిలో పనిచేశారు. రాజలింగం గారంటే నాకు ఇష్టం. ఉండాలనుకుంది మాత్రం వార్డు కోసం. నాకిప్పుడిప్పుడే చేతనవుతోంది నాన్నా. ముందు చదువు. మిగతాది మీరు వాళ్ళను చూశాక."

భారతమ్మ అన్నగారి విస్తట్లో పెరుగు వేసింది.

"ఆవిడ మొహం నేనూ చూడలేదు అన్నయ్యా. ఆవిడ గారెలు తిన్నాను. ఎక్కడా నూనె పీల్చలేదు. పాత గిన్నె అయినా అంచుల్లో మసి లేదు. అలాంటి ఇంటిని అనుమానించడం నాకు చేతకావడం లేదు. సాయంత్రం నేనే వెళ్ళి గిన్నె ఇచ్చొస్తున్నా. నువ్వూ రా."

అతను పెరుగన్నం చాలాసేపు కలిపాడు.

"పీజీ పూర్తి చెయ్యి. అది ముందు," అన్నాడు కూతురితో. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"మొదటిసారి వెళ్తూ పచ్చడేంటి భారతీ. అది తీసేసి, తీపి ఏదైనా చెయ్యి."