కృత్తికల కింద చుక్క

నాకు రాజమండ్రిలో కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. సాయంత్రం బ్రిడ్జి దాటి కొవ్వూరు చేరేసరికి చీకటి పడిపోతుంది. పోయిన కార్తీకంలో ఒక చిన్న టెలిస్కోప్, బైనాక్యులర్స్ కొన్నాను. భోజనాలయ్యాక నేనూ మా ఆవిడ సత్యశ్రీ డాబా ఎక్కేవాళ్లం. గురుడు, శని తొందరగానే దొరికాయి. యురేనస్ మాత్రం ఎంత వెతికినా నా కంటికి చిక్కలేదు.

ఒకరోజు నేను ఇంట్లో అడుగు పెట్టగానే సత్య ఎదురొచ్చింది.

“యురేనస్ చూశానండీ! కృత్తికలకి కాస్త కింద. బైనాక్యులర్స్‌లోనే కనిపించింది.”

నా మొహం మాడిపోయింది. “ఎవరు చూపించారు?”

“ఎవరు చూపిస్తారండీ?” అంది. నవ్వు దాచుకుంటున్నట్టు అనిపించింది.

మర్నాడు చెప్పకుండా ముందే వచ్చేశాను. మెట్ల మీద ఉండగానే పైనుంచి మగ గొంతు వినబడింది. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. సత్య కిలకిలా నవ్వింది. నా దగ్గర ఎప్పుడూ అలా నవ్వలేదు. ఒక్క ఉదుటున పైకెళ్లాను.

సత్య ఒక్కతే ఉంది. ఆమె కుర్చీకి ఆనించి ఇంకో ప్లాస్టిక్ కుర్చీ. దాని నిండా తడి.

“ఎవడు వాడు?”

“ఎవరూ లేరండీ,” అంది, నన్ను కాదు, కుర్చీని చూస్తూ.

దూకి పారిపోయేంత దగ్గరలో వేరే డాబా లేదు. అయినా నా కడుపు మంట చల్లారలేదు. “రేపట్నుంచి నువ్వు పైకి రావద్దు,” అన్నాను.

మరుసటి సాయంత్రం ఒక్కణ్ణే ఎక్కి, డాబా తలుపు గడియ పెట్టాను. గోదావరి మీంచి చలిగాలి వస్తోంది. బ్రిడ్జి మీద రైలొకటి పోయింది. ఆ మోత తగ్గాక ఇంకే చప్పుడూ లేదు. టెలిస్కోప్‌కి కన్ను ఆనించాను. ఎక్కడినుంచో నది అడుగు బురద వాసన... దగ్గరగా... మరీ దగ్గరగా.

చెవి పక్కన చల్లటి ఊపిరి.

“కుడికండీ... ఇంకాస్త...”

నా వేళ్లు వాటంతట అవే గొట్టాన్ని జరిపాయి. లేత ఆకుపచ్చ చుక్క కంటి ముందుకొచ్చి నిలబడింది. మిణుకు లేదు. ఒక్క క్షణం భయం కూడా మర్చిపోయాను.

“చూశారు కదండీ,” అంది గొంతు. “ఇక కిందకెళ్లి... ఆవిడని పంపించండి.”

గడియ ఎలా తీశానో, మెట్లు ఎలా దిగానో తెలీదు. సత్య వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నన్ను చూసి ఆగింది.

“ఆయన నన్ను అడిగారా?” అంది గుసగుసగా. సిగ్గుపడుతూ.

టెలిస్కోప్, బైనాక్యులర్స్ రెండూ అమ్మేశాను. ఆ నెలలోనే పిఠాపురం వెళ్లిపోయి, ఇరుకు పెరడున్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. రోజులు బాగానే గడుస్తున్నాయనుకున్నాను.

నిన్న సాయంత్రం తీగ మీద బట్టలు తీస్తూ సత్య ఆగిపోయింది. తల మెల్లగా పైకి లేచింది. కళ్లు మూసుకుని ఉన్నాయి. పెదాల మీద నవ్వు.

“సత్యా...”

దగ్గరికెళ్లాను. ఆమె గడ్డం కింద చర్మం... ఎవరో వేళ్లతో పట్టి ఎత్తినట్టు... లోపలికి నొక్కుకుని ఉంది.

ఆ గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకోబోయాను.

నా వేళ్లకి అక్కడ చోటు దొరకలేదు.