జెర్రి కాళ్ల మండపం

శిలావతి రాజ్యాన్ని ఏ శత్రువూ గెలవలేకపోయాడు గాని, కాళ్ల కింది నేలే దానికి శత్రువైంది. ఎప్పుడు కంపిస్తుందో, ఏ గోడ ఎవరిమీద కూలుతుందో తెలియదు. ఎంతటి కంపానికైనా నిలిచే కొలువు మండపం కట్టినవారికి ప్రధాన స్థపతి పదవి ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

వృద్ధ స్థపతి భీమోజుకు వింజమ ఒక్కతే కూతురు. ఉలి పట్టడంలో ఆమెకు సాటి లేదు. అయినా తండ్రి నలుగురిలో తన శిష్యుడు సూరోజునే మెచ్చుకునేవాడు. అది విన్నప్పుడల్లా వింజమకు అతడిమీద అసూయ రగిలేది. ఎంతటి కంపానికీ చలించదని చెప్పుకునే జెర్రిరాజు రహస్యం తెలుసుకోవడానికి సూరోజు అడవికి వెళ్లాడని తెలియగానే, అతడికంటే ముందే చేరాలని ఆమె అడ్డదారి పట్టింది.

దారిలో ఒక వాగు. నడుమకు రాగానే రాక్షసుడొకడు నీళ్లలోంచి తల ఎత్తాడు.

"ఎందుకు వెళుతున్నావు?"

"రాజ్యాన్ని కాపాడటానికి."

నీరు గొంతుదాకా పొంగింది.

"సూరోజును ఓడించడానికి," అన్నది వింజమ కష్టంమీద.

నీరు తగ్గింది. "ఇప్పుడు నిజం చెప్పావు. వెళ్లు," అన్నాడు రాక్షసుడు.

వాగు అవతల గుహలో నేల అలలా కదులుతున్నది. ఏనుగంత జెర్రి దానిమీద పడుకుని ఉంది. వీపుమీది నిండుకుండ తొణకడం లేదు.

"నేల ప్రతిసారీ ఒకేలా కదలదమ్మా," అన్నది జెర్రిరాజు. "నా కాళ్లు ముందు దాని కదలికను వింటాయి. ఆ తరువాతే తగినట్టు వంగుతాయి. ఇదిగో, కుబుసంతోపాటు రాలిన కాళ్లు, తీసుకో. ఒక కాలు విన్నది మరో కాలికి చెప్పే పాత నరం మాత్రం పొద్దున వచ్చిన సూరోజుకు ఇచ్చేశాను. అప్పటికి కాళ్లు రాలలేదు."

ఇక్కడా అతడే ముందు! వింజమ కాళ్లు మూటగట్టుకుని వచ్చి, స్తంభాల కింద అమర్చి మండపం నిలిపింది. సూరోజు వచ్చి, "నరం కట్టనా?" అని అడిగితే, "నీది నువ్వే ఉంచుకో," అన్నది.

ప్రవేశం నాడే నేల కంపించింది. కాళ్లు దేనికది తోచినట్టు వంగాయి. స్తంభాలు బీటలు వారాయి. భీమోజు నెత్తిమీద దూలం జారసాగింది. సూరోజు బయట నిలబడి ఉన్నాడు. అతణ్ని పిలిస్తే పదవి పోతుంది. అయినా వింజమ గట్టిగా కేక వేసింది.

"సూరోజూ, నరం తీసుకురా. నావల్ల కావడం లేదు."

ఇద్దరూ పరుగున స్తంభం తరువాత స్తంభానికి నరం చుట్టారు. కాళ్లు ఒక్క క్షణం చెవి ఒగ్గినట్టు ఆగి, కలిసి వంగాయి. దూలం నిలిచింది. మరో కంపం పక్కనుంచి విసురుగా వచ్చింది. కాళ్లు తమ తీరు మార్చుకున్నాయి. మండపం ఊగింది గాని ఒక్క రాయీ రాలలేదు.

"పదవి ఇతడిదే," అన్నది వింజమ రాజుతో. ఆ మాట నాలుకమీద కారంలా మండింది.

"ఆమె లేకుండా నాకు వద్దు ప్రభూ," అన్నాడు సూరోజు.

రాజు పదవి ఇద్దరికీ ఇచ్చాడు. భీమోజు వారికి పెళ్లి చేశాడు. తరువాత ఏటేటా జెర్రిరాజు విడిచే కాళ్లూ నరాలూ తెచ్చి అమర్చగా, రాజ్యంలోని ఇళ్లన్నిటి కిందా జెర్రి కాళ్లు వెలిశాయి. ఎవరు కట్టిన ఇల్లు గట్టిదని ఆలుమగలు తరచూ పోట్లాడుకునేవారు గాని, ఇద్దరిలో ఎవరి ఇల్లూ కూలలేదు.